ఇందా దగ్గర తిరిగే బాణం

మళ్ళీ అదే బాణం. మలంచా రోడ్డు పక్కన సర్వీసు షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ అంచు మీద కూర్చుని సూసన్న తన బ్యాటరీ స్కూటర్ తెర వైపే చూస్తోంది. తెరమీద నీలం బాణం ఉన్నచోటే గిర్రున తిరిగి, ఓ క్షణం ఎటో చూసి, అబ్బే ఇటు కాదేమో అనుకున్నట్టు మళ్ళీ తిరుగుతోంది. “సూసినావా దీదీ, ఒకసోట నిలబడదు ఇది,” అన్నాడు మెకానిక్ వెంకటరావు. తెలుగువాడే, తాతల నాటినుంచీ ఖరగ్‌పూర్‌లో ఉన్నవాడే, అయినా షెడ్డులోకి వచ్చిన ఆడవాళ్ళందరూ అతనికి దీదీలే. గోడమీద గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఏడూ పదికి రైలు. ఆ రైల్లో దోర్కా వెళ్ళిపోతోంది. సూసన్నకి సొంత అక్క, లోకానికి అక్క గానీ వీళ్ళింట్లో పిలుపు అప్ప. బావ ప్రేమ్‌కుమార్ రిటైరయ్యాడు, బొబ్బిలి దగ్గర వాళ్ళ ఊళ్ళో రెండు గదులు వేసుకున్నాడు, సామాను నిన్ననే లారీ ఎక్కిపోయిందట, ఇక పట్టాలకవతల ఇందా పేటలోని ఆ అద్దె ఇల్లు ఈ సాయంత్రం వరకే అప్పది. ఆలోగా వెళ్ళాలి. వెళ్ళి, ఏడేళ్ళుగా నోట్లో నానుతున్న ఆ ఒక్క మాట చెప్పాలి. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతుంది, ఉత్తరం రాస్తుందా, ఆ మొహం చూడకుండా ఫోన్లో చెబుతుందా, ఛీ, అవి ఫోన్లో చెప్పే మాటలేనా.

ఇప్పటికి మూడుసార్లు బయల్దేరింది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, ఆ తెల్ల చీరతోనే. అంతకు ముందురోజు అప్ప కూతురు జెనీ మెసేజీ పెట్టింది, పిన్నీ మేం శనివారం వెళ్ళిపోతన్నాం అని, కింద ఇంటి లొకేషన్. ఆ పిల్లకైనా అనిపించింది, అదే చాలు. ఈ ఊళ్ళో పుట్టి నలభై ఎనిమిదేళ్ళు బతికినదానికి ఇందా సందులు తెలియకపోవడం ఏమిటంటే ఎవరికి చెప్పుకుంటుంది, రైల్వే స్థలంలో పుట్టినవాళ్ళకి రైల్వే స్థలమే ఊరు, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఏ క్వార్టర్ ముందు ఏ కుక్క పడుకుంటుందో చెప్పగలదు గానీ పట్టాలకి అవతల పక్క మాత్రం వేరే దేశమే. ఎవరినైనా అడగొచ్చు. అడిగితే, మీ అక్క ఇల్లు నీకు తెలవదా ఏటి అంటారు, అందులో ఓ తెలుగువాళ్ళు తగిలితే ఇక ఆ కథ చర్చి మెట్లదాకా వస్తుంది. అందుకని మ్యాపే దిక్కు. మలంచా రోడ్డు మీద బ్రహ్మాండంగా చెప్పింది, పట్టాల కింది దారి దాటేదాకా మహారాణిలా తీసుకెళ్ళింది. ఇందా బజారులోకి వచ్చి ఆటోల మధ్యా చేపల తట్టల మధ్యా స్కూటర్ నడకలో పడగానే బాణానికి పిచ్చెక్కింది. అటు అంటే అటు పోయింది, ఇటు అంటే ఇటు పోయింది, చివరికి ఓ చెరువు గట్టు దగ్గర సందు ఆగిపోయింది, గట్టు మీద గిన్నెలు తోముకుంటున్నావిడ తలెత్తి ఎవరింటికని బెంగాలీలో అడిగింది. ఏం లేదు దీదీ, అని వెనక్కి తిప్పింది సూసన్న. తిప్పుకుని పట్టాల దగ్గరికొచ్చేసరికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అదే చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. బాధ కాదు, హమ్మయ్య అనిపించింది. మంగళవారం డ్యూటీ దిగి వెళ్ళింది, అదే బాణం, అదే హమ్మయ్య. గురువారం సగం రోజు సెలవు పెట్టి మరీ వెళ్ళి, పెట్టిన సెలవు పెట్టినట్టే ఇంటికొచ్చి పడుకుంది. పడుకుంటే ఏడుపు వచ్చింది. తోడబుట్టినదాని గుమ్మం తెలియని బతుకూ ఒక బతుకేనా.

“బ్లూటూత్ తీసేసి మళ్ళీ కలుపుదాం.” కలిపాడు వెంకటరావు. ఫోను ముందు పెట్టెలో ఛార్జింగు తీగకి తగిలించి ఉంది, ఫోన్లో మ్యాపే స్కూటర్ తెరమీద కనిపిస్తుంది. బాణం తిరుగుతూనే ఉంది. “యాప్ తీసేసి మళ్ళీ ఏద్దాం.” వేశాడు. తిరుగుతూనే ఉంది. “బ్యాటరీ సేవరు ఆన్‌లో ఉంది దీదీ, ఇదుంటే ఫోను కునుకు తీస్తాది.” కునుకు వదిలించాడు. “లొకేషన్‌కి పర్మిషన్ సగమే ఇచ్చినావు, ఎప్పుడూ అని ఇయ్యాల,” అని ఫోను ఆమె చేతికిచ్చాడు, “నువ్వే నొక్కు, నేన్నొక్కకూడదు.” అనుమతించు. నొక్కింది. ఎంత తేలిక, బొటనవేలితో ఒక్కసారి నొక్కితే అయిపోయింది. ఆ రోజు అప్ప పెన్నుతో సంతకం పెట్టింది. నాన్న దావీదు రైల్వే వర్క్‌షాపులో చక్రాలు చెక్కే వీల్ లేతు మీద పనిచేస్తూ డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు, ఆయన పోయిన నెల రోజులకి వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ క్వార్టర్‌కి వచ్చి, అమ్మ ఇచ్చిన టీ తాగి, రైల్వేలో పద్ధతి ఇదీ అని చెప్పాడు. ఇంటికి ఒకరికి ఉద్యోగం. ఒక్కరికే. ఇద్దరు పిల్లల్లో ఎవరికో మీరే తేల్చుకోండి, రెండోవాళ్ళు మాకు అభ్యంతరం లేదని కాగితం రాసివ్వాలి. తేల్చుకోవడానికేముంది, పెద్దది దోర్కా, ఇరవై ఏడేళ్ళు, టైపింగు పాసైంది, నెమ్మదస్తురాలు, నాన్న ఉన్నప్పుడే అనేవాడు మా పెద్దమ్మ ఆఫీసులో కూకుంటాది సూడండి అని. వీధి వీధంతా దోర్కాకే అనుకుంది. అమ్మా అలాగే అనుకుంది.

సూసన్న మాత్రం అనుకోలేదు. మర్నాడు సంతకాలనగా మధ్యాహ్నం, వంటింట్లో అప్ప చేపలకి పసుపు రాస్తూ పీట మీద కూర్చుంది, అమ్మ చర్చికి వెళ్ళింది. సూసన్న వెళ్ళి అప్ప కాళ్ళ దగ్గర కూలబడింది. మాటకి అనే కాళ్ళు పట్టుకోవడం కాదు, నిజంగానే, రెండు చేతులతో ఆ రెండు పాదాలూ పట్టేసుకుంది. “అప్పా, నీకు టైపింగొచ్చు, నీకెక్కడైనా దొరుకుతాది. నాకేటొచ్చు? ఇంటరు తప్పినదాన్ని. నువ్వు పెళ్ళయి ఎల్లిపోతావు, అమ్మా నేనూ ఈ క్వార్టర్ ఖాళీ చేసి ఎక్కడికి పోవాల?” అంటూ ఏడ్చింది. ఏడుపు నిజమే. కానీ ఏడుపు లోపల ఇంకోటి ఉంది, అది ఈ షెడ్డులో కూర్చుని ఇవాళ ఒప్పుకుంటోంది. నాన్న నడిచిన గేటు లోంచి తను నడవాలి, సైరన్ కూతకి తను పరిగెత్తాలి, నాన్న పోయిన చోట తను ఉండాలి, అప్ప కాదు తను. అంత ఆశ పడింది. అప్ప పసుపు చేతులు గాల్లోనే ఉంచుకుంది. తర్వాత, “లేవే, కాళ్ళకి సేప వాసనొస్తాది,” అంది. మర్నాడు వెళ్ళి సంతకం పెట్టేసింది. అంతే. ఎందుకు పెట్టావని అమ్మ అడిగితే నాకా దుమ్ములో పని పడదన్నది గానీ చెల్లెలి పేరెత్తలేదు. టైపింగు వచ్చిన దోర్కా గోల్‌బజారులో బట్టల కొట్టులో క్యాషు కౌంటరు వెనక నిలబడింది. పద్దెనిమిదేళ్ళు నిలబడింది. కాళ్ళు వాచిపోయేవి. సూసన్న వర్క్‌షాపు స్టోర్స్‌లో కూర్చుంది, ఫ్యాను కింద.

“దీదీ, ఫోన్ పట్టుకుని అలా బయటికెళ్ళి ఆకాశం కింద నిలబడి గాల్లో ఎనిమిదంకె ఎయ్యి,” అన్నాడు వెంకటరావు. “ఏటి?” “ఎనిమిది. ఇలా. లోపల కంపాస్ ఉంటాది, అది దిక్కు మర్సిపోతే అలా తిప్పితే గుర్తు తెచ్చుకుంటాది.” షెడ్డు ముందు రోడ్డు పక్కన నిలబడి సూసన్న ఫోన్‌తో గాల్లో ఎనిమిదులు వేసింది, ఆటోలో పోతున్న ఇద్దరు పిల్లలు తల బయటపెట్టి చూశారు, చూడనీ. ఏడేళ్ళ కిందట అమ్మ పోయాక చర్చి హాల్లో ఆదరణ కూడిక, వాక్యం అయింది, భోజనాలకి ఆకులు వేస్తున్నారు, ఎవరో ముసలావిడ అమ్మని బాగా చూసుకున్నావమ్మా సూసన్నా, ఉద్యోగం ఉండబట్టి అంది. దోర్కా పప్పు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది, పద్దెనిమిదేళ్ళు ఒక్కసారీ అననిది ఆరోజు అలసిపోయి అంది కాబోలు, “ఆ ఉద్యోగం నేనిచ్చిందేనండి” అంది. నవ్వుతూనే అంది. సూసన్నకి చెవులు కాలిపోయాయి. అంతమందిలో. “నిన్నెవలు సంతకం పెట్టమన్నారు? ఎవలైనా నీ కాళ్ళట్టుకున్నారా?” అనేసింది. ఆ మాట నోటమ్మట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు, కావాలని అబద్ధం ఆడలేదు, అది తనంతట తనే లోపల సిద్ధమై కూర్చుని ఉంది. హాలంతా దోర్కా వైపు చూసింది, గొప్పలు చెప్పుకునేదాన్ని చూసినట్టు. అప్ప గిన్నె కిందపెట్టింది. పట్టుకున్నావు కదే అనలేదు, అని ఉంటే ఎంత బాగుండేది, జుట్టు పట్టుకుని ఒక్కటిచ్చినా బాగుండేది. చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేసి ఇందాకి వెళ్ళిపోయింది, చర్చి కూడా మార్చేసింది. ఒకే ఊళ్ళో ఏడు క్రిస్మస్‌లు.

“అరే, ఠీక్ హై!” వెంకటరావు అరిచాడు. ఆమె చేతిలో ఫోనులో బాణం నిలబడి ఉంది, కుదురుగా, బుద్ధిమంతురాలిలా. “బాగైపోయింది దీదీ.” ఫోన్ తీసుకెళ్ళి ముందు పెట్టెలో పెట్టాడు. గిర్రున తిరిగింది. బయటికి తీశాడు. నిలబడింది. పెట్టాడు. తిరిగింది. అతను తల గోక్కుని, “ఈ పెట్టెలో ఏటున్నాది?” అని చెయ్యి లోపలికి పోనిచ్చి ఓ గుడ్డ మూట తీశాడు. పాత చీర ముక్కలో చుట్టిన అయస్కాంతం. గుండ్రంగా, మధ్యలో చిల్లుతో, గారె అంత. నాన్న దగ్గరిది. రోజూ సైరన్ మోగాక నాన్న ఇంటికొచ్చి వరండాలో రెండు చేతులూ చాపి నిలబడేవాడు, బట్టల నిండా ఇనుప రజను, అమ్మ ముట్టుకోనిచ్చేది కాదు, గుచ్చుకుంటుందని. అప్ప అయస్కాంతం పట్టుకుని వీపంతా రాసేది, తర్వాత సూసన్నకిచ్చేది, సూసన్న చొక్కా ముందంతా, జేబులూ, చేతులూ. నల్లగా నూగులా ఇంత అంటుకునేది. అదంతా దులిపాకనే నాన్న వంగి ఇద్దరినీ చెరో చేత్తో ఎత్తేవాడు. ఎత్తితే నూనె వాసన, చెమట వాసన, మెడ దగ్గర వెచ్చగా. ఇన్నేళ్ళకి సామాను సర్దుకుంటూ అప్ప అడిగిందట, నాన్న అయస్కాంతం దాని దగ్గరే ఉందా అని. జెనీ మెసేజీలో చివరి ముక్క అదే. దాని దగ్గరే. పేరు పెట్టి కూడా అనలేదు, అయినా సూసన్న ఆ ముక్కని వందసార్లు చదువుకుంది. మొట్టమొదట వెళ్ళిన ఆదివారమే తీసుకెళ్ళి ఇద్దామని పెట్టెలో పెట్టుకుంది, ఫోను పక్కనే, పోకుండా ఉంటుందని.

“ఇదుంటే ఏ కంపాస్ నిలబడతాది దీదీ!” వెంకటరావు పగలబడి నవ్వాడు. “గంటనించి నా బుర్ర తినేసింది. జోరుగా పోతే పరవాలేదు, పోతన్న దారిని బట్టి దిక్కు తెలుసుకుంటాది. మెల్లగైతే కంపాస్‌నే నమ్ముకోవాల. అందుకే మలంచాలో మంచిగుంది, ఇందా జనంలో పిచ్చెక్కింది.” అంతలోనే నవ్వాపి, దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, “మా అయ్యకీ ఉండేది ఇలాటిది. ఫిట్టింగ్ షాపులో పనిచేసేవోడు,” అన్నాడు. గుడ్డ మళ్ళీ జాగ్రత్తగా చుట్టి, సీటు ఎత్తి, వెనక డిక్కీలో మూలకి తోశాడు. “ఇంక దారి తప్పవు, సరాసరి గుమ్మంలోకే.” ఇంక తప్పదు. ఇంక మ్యాపు మీద నెట్టడానికి లేదు.

ఐదున్నర. పట్టాల కింద దారిలోకి దిగింది, పైన ఏదో గూడ్సు దడదడలాడుతూ పోతోంది, ఒంటి నిండా ఆ అదురు. ఏమని మొదలుపెట్టాలి. మూడుసార్లు బయల్దేరానప్పా, అయస్కాంతం వల్ల దారి తప్పానప్పా, ఎంత బాగుంది చెప్పుకోవడానికి, నవ్వుకోవచ్చు కూడా, నవ్వుల్లో పడి అసలు మాట ఎటో పోతుంది, రైలు టైమైపోతుంది, చేతులూపుకోవచ్చు. అబ్బ, ఎంత తేలిక. అలా చేసేద్దామా? ఇందా బజారు వచ్చింది, స్కూటర్ నడకలో పడింది, బాణం మాత్రం కదలలేదు. మందుల షాపు దగ్గర ఎడమకి అంది మ్యాపు గొంతు. తిరిగింది. కొబ్బరి బోండాల బండి దాటాక కుడికి అంది. తిరిగింది. ఇంత దగ్గరా? బజారు నుంచి రెండు నిమిషాలు కూడా లేదే. ఏడేళ్ళూ అప్ప ఇంత దగ్గర్లో కూర వండుకుందా, బట్టలారేసుకుందా, తనకి జ్వరం వచ్చి ఒంటరిగా క్వార్టర్లో గోడ చూస్తూ పడుకున్న ఆ పది రోజులూ అప్ప ఇక్కడే ఉందా. మీరు చేరవలసిన చోటు వచ్చింది, అంది గొంతు.

గుమ్మం ముందు గుట్టగా చెప్పులు. లోపల పాట. ప్రయాణం ముందు ప్రార్థన పెట్టుకున్నట్టున్నారు, చాలామంది వచ్చారు. గోడ పక్కన కుళాయి దగ్గర దోర్కా రైల్లోకి నీళ్ళ సీసాలు నింపుతోంది. జుట్టు తెల్లబడిపోయింది. మొత్తం. ఎవరూ చెప్పలేదే. వంగి ఉన్న ఆ నడుం, అచ్చం అమ్మే. తను ఎంత బెంగ పెట్టుకుందో సూసన్నకి అప్పుడు తెలిసింది. స్కూటర్ స్టాండు వేసి దిగింది.

“వొచ్చినావా,” అంది దోర్కా. సీసా నింపుతూనే ఉంది.

“మూడుసార్లు బయల్దేరినానప్పా. మ్యాపు...” సూసన్న ఆగింది. కుళాయి నీళ్ళు సీసా నిండి పొర్లిపోతున్నాయి. “మ్యాపుదేటి లేదు. ఎనక్కి తిరిగింది నేనే. నీ మొకం సూడలేక. అప్పా, సంతకం నేనే అడిగినాను. నీ కాళ్ళట్టుకుని అడిగినాను. ఆరోజు అందరి ముందూ అబద్దమాడినాను.”

దోర్కా కుళాయి కట్టేసింది. సీసాకి మూత పెట్టి బిగించింది. ఇంకా ఏమీ అనదేమో అనుకుంది సూసన్న, ఆ రోజులాగే కొంగుకి చెయ్యి తుడుచుకుని లోపలికి పోతుందేమోనని.

“నాకెందుకే సెప్తన్నావు?” అంది దోర్కా. గొంతు పెంచలేదు. “నాకు తెలవదా ఏటి? పట్టుకున్నవి నా కాళ్ళే కదా. తెలవనోళ్ళు లోపలున్నారు.”

పాట అయిపోయింది. గుమ్మంలోంచి కనిపిస్తున్నారు, ఖాళీ గదిలో చాపల మీద వరసగా, పాత చర్చి వాళ్ళు కూడా వచ్చారు, ఆ ముసలావిడ గోడకి చేరబడి ఉంది, ఆరోజు ఆకులు వేసినవాళ్ళూ ఉన్నారు, ప్రేమ్‌కుమార్ బావ, జెనీ. సంఘం పెద్దాయన బైబిలు మూసి, ఇంకెవరైనా సాక్ష్యం చెప్పాలనుకుంటే చెప్పండి, ఆ తర్వాత ముగించుకుందాం, దోర్కమ్మ వాళ్ళకి రైలు టైమవుతోంది అంటున్నాడు. సూసన్న చెప్పులు విడిచింది. గడప దాకా నడిచింది. తలలు ఒక్కొక్కటే ఇటు తిరిగాయి, జెనీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చేతులు చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాయి.

“నేను దావీదు చిన్నకూతుర్ని,” అంది, ఆ గదిలో అందరికీ తెలిసిందే అయినా. “మా నాన్న ఉద్యోగం మా అప్పకి రావాలి. నేను అప్ప కాళ్ళట్టుకుని ఏడిసి అడిగినాను. అది ఇచ్చేసింది. ఇరవయ్యైదేళ్ళనించి ఆ కూడే తింటన్నాను. అమ్మ ఆదరణ కూడికలో ఎవలు సంతకం పెట్టమన్నారని దాన్ని మీ అందరి ముందూ అన్నాను. అది అబద్దం. అప్ప అన్నదే నిజం.”

సాక్ష్యం అయ్యాక స్తోత్రం అనాలి, అది అక్కడ ప్రతివాళ్ళకీ అలవాటే. ఎవరూ అనలేదు. దీనికి అనొచ్చో అనకూడదో వాళ్ళకి తెలియలేదు, పెద్దాయన కళ్ళజోడు తీసి పట్టుకుని కూర్చున్నాడు. రెండు చేతులనిండా నీళ్ళ సీసాలతో దోర్కా సూసన్న వెనక వచ్చి నిలబడింది, ఆమె ఊపిరి వీపుకి తగులుతోంది.

“స్తోత్రం,” అంది దోర్కా. అప్పుడు అందరూ అన్నారు.